శాండ్‌హిల్స్ గడ్డినేల, కీస్టోన్ ఎక్స్‌ఎల్ పైపులైను: దారి మళ్లిస్తే సరిపోతుందా?

గడ్డిపరక (లింకన్, నెబ్రాస్కా)

అందరికీ నమస్కారం. నేను నెబ్రాస్కాకు వచ్చి పదమూడేళ్లయింది. ఈ జూన్‌లో వాలంటైన్ పట్టణం వైపు వెళ్తూ శాండ్‌హిల్స్‌లో ఒక పశువుల క్షేత్రం దగ్గర ఆగినప్పుడు, అక్కడి పెద్దాయన నన్ను ఒక దిబ్బ మీదికి తీసుకెళ్లి, ఎప్పుడో కంచె వేయడానికి ట్రక్కు పదేపదే నడిచిన జాడను చూపించారు. చక్రాల కింద గడ్డి చచ్చిపోయిన చోట గాలి దూరి, ఇసుకను తవ్వుకుంటూ పోయి, చివరికి దిగుడుబావి అంత గుంట చేసింది. దాని అంచున గడ్డి వేళ్లు మట్టి లేకుండా గాలిలో వేలాడుతున్నాయి. స్థానికులు దీన్ని బ్లోఅవుట్ అంటారు. పాత టైర్లు, ఎండుగడ్డి మోపులు అందులో వేసి, పశువులు అటు రాకుండా కంచె కట్టి, ఆయన ఆ గుంటతో ఏళ్ల తరబడి పోరాడుతున్నారు.

శాండ్‌హిల్స్ అంటే సుమారు 19,300 చదరపు మైళ్ల ఇసుక దిబ్బలు. నెబ్రాస్కాలో నాలుగో వంతు పైగా ఇదే. దిబ్బలను కదలకుండా పట్టి ఉంచేది పైనున్న గడ్డి మాత్రమే. నాగలికి లొంగే నేల కాదు కాబట్టి ఇందులో చాలా భాగాన్ని ఎవరూ దున్నలేదు, ప్రెయిరీ (గడ్డి మైదానం) జీవాలు ఇక్కడ ఇంకా మిగిలి ఉండడానికి కారణం కూడా అదే. కింద ఒగలాలా భూగర్భ జలాశయం ఉంది. దిబ్బల మధ్య పల్లాల్లో ఆ నీరు నేల మీదికే వచ్చి మడుగులు కడుతుంది.

2008లో ప్రతిపాదించిన కీస్టోన్ ఎక్స్‌ఎల్ పైపులైను మొదటి దారి ఈ దిబ్బల మీదుగానే వెళ్లింది. కెనడాలో ఆల్బర్టాలోని హార్డిస్టీ నుంచి నెబ్రాస్కాలోని స్టీల్ సిటీ వరకు సుమారు 1,900 కిలోమీటర్ల పొడవున, 36 అంగుళాల గొట్టంలో, రోజుకు 8,30,000 పీపాల చమురు పంపాలన్నది ఆ ప్రణాళిక. దారి మార్చడం కుదరదని చెబుతూ వచ్చిన కంపెనీ 2011 నవంబరులో మార్చడానికి ఒప్పుకుంది. పదేళ్ల తర్వాత, 2021 జూన్‌లో ప్రాజెక్టే రద్దయింది. ఇంత జరిగాక కూడా నాకు తేలని ప్రశ్న ఒకటి మిగిలింది. గడ్డినేలను కాపాడాలంటే పైపులైను దారి మళ్లిస్తే చాలా, లేక ఆ నేలకు ఇంకేదైనా కావాలా? ఆ రంగాల్లో పని చేసినవారు చెబితే వినాలని ఉంది.

వెల్డింగ్‌లైను (కాల్గరీ)

గడ్డిపరక గారూ, నేను పందొమ్మిదేళ్లుగా పైపులైను నిర్మాణంలో ఉన్నాను, కీస్టోన్ ఎక్స్‌ఎల్‌లో మాత్రం పని చేయలేదు. మా వైపు మాట కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను.

నిర్మాణ సమయంలో మాకు సాధారణంగా 110 అడుగుల వెడల్పు పట్టీ కావాలి. అంటే మైలుకు పదమూడు ఎకరాల పైచిలుకు. పని అయ్యాక 50 అడుగుల పట్టీ మీద మాత్రమే శాశ్వత హక్కు ఉంటుంది, అందులోనూ గడ్డి మొలవనిస్తాము. మొదటి దారి శాండ్‌హిల్స్‌లో సుమారు తొంభై మైళ్లు ఉంటుందని అప్పట్లో చెప్పేవారు. లెక్క వేస్తే 1,200 ఎకరాలు. శాండ్‌హిల్స్ మొత్తం కోటీ ఇరవై లక్షల ఎకరాలు దాటుతుంది, కాబట్టి మేము తాకేది పదివేలలో ఒక వంతు. పైమట్టిని వేరుగా తీసి, అడుగుమట్టిని వేరుగా పోసి, గొట్టం దించాక అదే వరుసలో పూడ్చి, స్థానిక గడ్డి విత్తనాలు చల్లుతాము. నదుల దగ్గర కందకం తవ్వకుండా, గట్టుకు దూరం నుంచి డ్రిల్లు చేసి నది అడుగు కిందుగా గొట్టం లాగుతాము.

చమురు ఎలాగూ ఏదో దారిన వెళ్తుంది. రైళ్లలో పంపితే ఏమవుతుందో 2013 జూలైలో క్యుబెక్‌లోని లాక్-మెగాంటిక్ పట్టణం చూసింది. అక్కడ చమురు రైలు పట్టాలు తప్పి, మంటలు లేచి, 47 మంది చనిపోయారు. జీవావరణం మీద నాకు గౌరవం లేదని ఎవరూ అనుకోవద్దు. లెక్క మొత్తం చూడమని మాత్రమే అడుగుతున్నాను.

మట్టిబడి (మన్హట్టన్, కాన్సస్)

వెల్డింగ్‌లైను గారూ, మీ లెక్కలో తప్పు లేదు, కానీ గడ్డినేలను ఎకరాలలో కొలిచినప్పుడు అసలు సంగతి బయటపడదు. నేను మట్టి శాస్త్రం చదువుకున్నాను, ఇక్కడి ఫ్లింట్ హిల్స్‌లో పని చేస్తాను. పొడుగు గడ్డి ప్రెయిరీ ఒకప్పుడు ఉన్నదానిలో నాలుగు శాతానికి మించి మిగలలేదని మేము విద్యార్థులకు మొదటి రోజే చెబుతాము. మిగిలినదానిలో పెద్ద ముక్క ఈ ఫ్లింట్ హిల్స్. ఇక్కడ నాగలిని ఆపింది ఇసుక కాదు, నేలలోని రాయి.

పని నేర్చుకునే రోజుల్లో మేము ఒక గుంట తవ్వి, గడ్డి వేళ్లను నీటితో కడిగి చూశాము. బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి వేళ్లు నా నిలువెత్తు దాటి కిందికి దిగాయి. పైన కనిపించే గడ్డి చెట్టుకు కొమ్మల వంటిది, చెట్టు మొత్తం కిందే ఉంది. పైమట్టిని ఎంత జాగ్రత్తగా తీసి మళ్లీ పరిచినా, ఆ వేళ్ల అల్లికను, వాటిని అంటిపెట్టుకున్న శిలీంధ్రాలను, యంత్రాల బరువుకు అణగిపోయిన మట్టి సందులను తిరిగి పెట్టలేము. నాలుగైదు రకాల విత్తనాలు చల్లితే రెండేళ్లలో పచ్చగా కనిపిస్తుంది, తనిఖీకి వచ్చినవారు సంతృప్తి పడతారు. దున్నని ప్రెయిరీలో వందల రకాల మొక్కలుంటాయి. వాటిలో చాలావాటి విత్తనం కూడా మనకు దొరకదు.

ఇక పట్టీ సన్ననిదే కావచ్చు, కానీ పొడవైనది. యంత్రాల చక్రాలకు అంటుకుని స్మూత్ బ్రోమ్, చీట్‌గ్రాస్ వంటి పరాయి గడ్డి ఆ దారంతా పాకి, అక్కడి నుంచి రెండు వైపులా లోపలికి వెళ్తుంది. చీర మధ్యలో పొడుగునా చిరుగు పడితే, పోయిన నూలు ఎంత అని తూచి చూడము కదా.

కొంగలదారి (ఒమాహా)

నేను పక్షులను చూసేదాన్ని, శాస్త్రవేత్తను కాను. పైపులైను గురించి మాట్లాడేటప్పుడు అందరూ నేల కిందే చూస్తారు, నేను పైకి చూడమంటాను.

చమురు తనంతట తాను 1,900 కిలోమీటర్లు పారదు. దారి పొడవునా పంపింగ్ స్టేషన్లు కావాలి, ప్రతి స్టేషనుకు కరెంటు కావాలి, ఆ కరెంటు కోసం ఖాళీ మైదానంలో కొత్తగా స్తంభాలు, తీగలు వేయాలి. పైపు పూడిపోయాక కూడా ఆ తీగలు ఉండిపోతాయి. హూపింగ్ క్రేన్ అనే తెల్ల కొంగలు కెనడాలోని వుడ్ బఫెలో నుంచి టెక్సస్ తీరంలోని అరాన్సస్ వరకు, దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు, సరిగ్గా ఈ మైదానాల మీదుగానే వెళ్తాయి. 1941లో ప్రపంచం మొత్తంలో ఇరవై చిల్లర మిగిలాయి. ఎనభై ఏళ్ల కష్టం తర్వాత ఈ దారిన ఎగిరే గుంపు 500 దాటింది. సాధారణంగా జంటకు ఏడాదికి ఒక్క పిల్లే దక్కుతుంది. ఎగరడం నేర్చుకున్నాక వాటి చావుకు తెలిసిన ప్రధాన కారణాలలో కరెంటు తీగలు ఒకటి. మసక వెలుతురులో, పొగమంచులో దిగుతున్నప్పుడు అంత పెద్ద పక్షికి సన్నటి తీగ కనిపించదు, కనిపించినా చివరి క్షణంలో ఒరిగి తప్పుకోలేదు.

మార్చిలో ప్లాట్ నది ఒడ్డున తెల్లవారుజామున నిలబడ్డాను. శాండ్‌హిల్ కొంగలు లక్షల సంఖ్యలో నది నడుమ ఇసుక మేటల మీద, మోకాలి లోతు నీళ్లలో నిలబడి నిద్రపోతాయి. వెలుగు రాగానే ఒక మూల మొదలైన అరుపు నది పొడవునా పాకి, ఆకాశం కనబడనంతగా లేస్తాయి. ఆ గుంపులో ఎక్కడో ఒకటి రెండు తెల్ల కొంగలు ఉంటాయని అందరూ దుర్భిణితో వెతుకుతారు. ఆ రోజు నాకు ఒకటి కనిపించింది. ఆ తెలుపు మరచిపోలేనిది.

నల్లరేగడి (నందికొట్కూరు)

అమెరికా గడ్డినేలను నేను చూడలేదు, కానీ కొంగలదారి గారు చెప్పిన తీగల సంగతి మాకు తెలియనిది కాదు. మా దగ్గర రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. దాని చుట్టూ సాగునీరు వచ్చింది, పంటలు మారాయి, గడ్డి బీళ్లు పొలాలయ్యాయి. మా నాన్నగారు చిన్నప్పుడు మేకలు కాస్తూ చూసిన పిట్టను నా పిల్లలకు నేను చూపించలేకపోయాను. ఇప్పుడు ఆ పిట్ట ప్రధానంగా రాజస్థాన్‌లో మిగిలింది, అక్కడ దాన్ని చంపుతున్నది కరెంటు తీగలే. వాటిని భూమి లోపల వేయాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించి, 2024లో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల సంఘానికి అప్పగించింది.

దారి మళ్లించడం గురించి గడ్డిపరక గారు అడిగారు కాబట్టి కడప జిల్లా సంగతి చెబుతాను. కలివి కోడి అనే అరుదైన పిట్ట అంతరించిందని ప్రపంచం అనుకున్నాక 1986లో లంకమల పొదల్లో మళ్లీ కనబడింది. తర్వాత తెలుగు గంగ కాలువ తవ్వకం ఆ పొదలలోకే వచ్చింది. అభ్యంతరాలు లేచాక కాలువ దారి మార్చారు. కాలువ ఆగలేదు, రైతులకు నీరు ఆగలేదు, దారి మాత్రం మారింది. అది మంచి నిర్ణయమే. అయితే కాలువ పక్కకు జరిగినంత మాత్రాన కోడి బతికిపోయిందని అనుకోలేము. చుట్టూ పొదలు తరుగుతూనే ఉంటే మళ్లించిన కాలువ ఒక్కటే ఏం చేస్తుంది? పొదలకు, గడ్డికి మన కాగితాల్లో పేరు బంజరు. ఆ పేరు మారనంతవరకు ఎవరు ఏం కట్టాలన్నా మొదట చూసేది ఆ నేల వైపే.

వాయిదా (చికాగో)

చట్టం వైపు నుంచి కొన్ని సంగతులు చెబుతాను, ఎందుకంటే వార్తల్లో ఇవి కలగాపులగం అయ్యాయి.

అమెరికాలో రాష్ట్రాల మధ్య సహజవాయువు పైపులైను దారిని ఫెడరల్ సంస్థ నిర్ణయిస్తుంది, చమురు పైపులైనుకు అటువంటి ఏర్పాటు లేదు. దేశం సరిహద్దు దాటడానికి మాత్రమే అధ్యక్షుడి అనుమతి కావాలి, మిగతా దారి ఆయా రాష్ట్రాల ఇష్టం. నెబ్రాస్కాకు 2011 వరకు దీనిపై చట్టమే లేదు. రైతులు, పశుపోషకులు, పర్యావరణవాదులు ఒక్కటై ఒత్తిడి తెచ్చాక ఆ నవంబరులో ప్రత్యేక సమావేశం పెట్టి చట్టం చేశారు. ఆ తర్వాత కొత్త దారిపై వచ్చిన గొడవ ఆసక్తికరమైనది. శాండ్‌హిల్స్ హద్దు ఏ పటం ప్రకారం గీయాలి? కాగితం మీద హద్దు దాటినా, కాలి కింద అదే ఇసుక, అదే పైపైన ఉన్న నీరు ఉన్న చోట్లు ఎన్నో ఉన్నాయని ప్రజలు అభ్యంతరం చెప్పారు.

2015 నవంబరులో ఒబామా అనుమతి నిరాకరించినప్పుడు ముందు పెట్టిన కారణం వాతావరణ మార్పు, గడ్డినేల కాదు. 2017 మార్చిలో ట్రంప్ అనుమతి ఇచ్చారు. అదే ఏడాది నవంబరు 20న నెబ్రాస్కా పబ్లిక్ సర్వీస్ కమిషన్ 3–2 ఓట్లతో, కంపెనీ కోరినది కాకుండా మరో దారిని ఆమోదించింది. దానికి నాలుగు రోజుల ముందే, అప్పటికే నడుస్తున్న పాత కీస్టోన్ లైను దక్షిణ డకోటాలోని మార్షల్ కౌంటీలో పగిలి, గడ్డినేలలో వేల పీపాల చమురు కారింది. అయినా కమిషన్ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే లీకేజీ ప్రమాదాన్ని పరిగణించే అధికారం చట్టం దానికి ఇవ్వలేదు.

జీవజాలం నేరుగా కోర్టులో గెలిచిన సందర్భం 2020 ఏప్రిల్‌లో వచ్చింది. నదులు, చిత్తడి నేలలు దాటడానికి సైనిక ఇంజనీర్ల విభాగం ఇచ్చే సామూహిక అనుమతిని మోంటానాలోని ఫెడరల్ న్యాయమూర్తి బ్రయన్ మోరిస్ తప్పుబట్టారు. అంతరించే జీవుల చట్టం ప్రకారం వన్యప్రాణి శాఖలను సంప్రదించకుండానే ఆ అనుమతిని పునరుద్ధరించారన్నది కారణం. జూలైలో సుప్రీంకోర్టు ఇతర పైపులైన్లకు ఊరట ఇచ్చింది కానీ కీస్టోన్ ఎక్స్‌ఎల్‌కు ఇవ్వలేదు. 2021 జనవరి 20న బైడెన్ సరిహద్దు అనుమతిని రద్దు చేశారు.

గడ్డిపరక

వాయిదా గారూ, చాలా ఉపయోగపడింది. ఆ చట్టం వెనుక నిలిచిన ఒక చిన్న ప్రాణి గురించి రాయాలనిపించింది. అమెరికన్ బరియింగ్ బీటిల్ అంటే శవాలను పూడ్చే పెంకుపురుగు. బొటనవేలంత ఉంటుంది, నల్లని ఒంటి మీద నారింజ రంగు మచ్చలు, మెడ మీద నారింజ బిళ్ల. చచ్చిన పిట్టనో ఎలుకనో వాసనతో కనిపెట్టి, ఆడ మగ కలిసి రాత్రికి రాత్రి దాని కింద మట్టి తవ్వి నేలలోకి దించుతాయి. ఈకలు, వెంట్రుకలు పీకి, కుళ్లిపోకుండా తమ స్రావాలతో పూత పూసి, ముద్దగా చేసి, పుట్టిన పిల్లలకు తల్లీ తండ్రీ నోటితో తినిపిస్తాయి. పురుగుల్లో తండ్రి కూడా పిల్లల్ని పెంచడం చాలా అరుదు.

ఒకప్పుడు 35 రాష్ట్రాల్లో ఉండే ఈ పురుగు 1989లో అంతరించే జీవుల జాబితాలో చేరేనాటికి రోడ్ ఐలండ్‌కు చెందిన ఒక దీవిలో, తూర్పు ఓక్లహోమాలో మాత్రమే ఉన్నట్టు తెలుసు. తర్వాత వెతికితే శాండ్‌హిల్స్‌లోనూ కనబడింది. చలికాలమంతా ఇది మట్టిలోనే నిద్రపోతుంది, అందుకే కందకం, యంత్రాల బరువు రెండూ దీనికి ప్రాణాంతకం. 2011లో అనుమతి రాకముందే పైపులైను దారి వెంట గడ్డి కోసి, ఎర పెట్టిన బకెట్లతో ఈ పురుగులను పట్టి వేరే చోటికి తరలించారు. అనుమతికి ముందే ఈ పని మొదలుపెట్టడం చట్టవిరుద్ధమని మూడు సంస్థలు కోర్టుకెక్కాయి. ఒక ఇల్లు పడగొట్టాలని తీర్పు రాకముందే ఇంట్లోవాళ్లను ఖాళీ చేయించినట్టు నాకు అనిపించింది. 2020లో దీని స్థాయిని అంతరించే జీవి నుంచి ముప్పున్న జీవిగా తగ్గించారు. నాకది తొందరపాటుగా తోచింది.

కొత్తమొలక (డల్లస్)

క్షమించండి, ఒక సందేహం. చమురు కారితే శుభ్రం చేయవచ్చు కదా? సముద్రంలో చేస్తున్నారు కదా?

మట్టిబడి

మామూలు ముడిచమురైతే నీటి మీద తేలుతుంది, చాలావరకు ఎత్తివేయవచ్చు. ఆల్బర్టా తారు ఇసుక నుంచి వచ్చేది బిటుమెన్, అంటే తారు లాంటి చిక్కని చమురు. గొట్టంలో పారడానికి తేలిక ద్రావకం కలుపుతారు. బయటికి కారాక ద్రావకం ఆవిరైపోయి, మిగిలిన జిడ్డు ముద్ద మట్టిని అంటుకుని నీటి అడుగుకు దిగుతుంది. 2010 జూలైలో మిషిగన్‌లోని కలమజూ నదిలో జరిగినది ఇదే. అక్కడ కంట్రోల్ రూములో లీకును గుర్తించడానికే 17 గంటలు పట్టింది, శుభ్రం చేయడానికి వంద కోట్ల డాలర్ల పైన ఖర్చయింది. మా రాష్ట్రంలోనే 2022 డిసెంబరులో పాత కీస్టోన్ లైను వాషింగ్టన్ కౌంటీలో పగిలి, గడ్డి కొండల పక్కన మిల్ క్రీక్ అనే వాగులో పన్నెండు వేల పీపాలకు పైగా కారింది. వాగునే పక్కకు మళ్లించి, అడుగు మట్టిని తవ్వి తీయవలసి వచ్చింది. శాండ్‌హిల్స్‌లో అయితే ఇసుక కిందే నీరు ఉంది. అక్కడ తవ్వి తీయడం అంటే గడ్డిపరక గారు చూసిన గుంటలను మనమే చేయడం.

వెల్డింగ్‌లైను

రెండు రోజులు ఆలోచించి జవాబు రాస్తున్నాను. మట్టిబడి గారి మాటకు నా దగ్గర ఎదురు లేదు. గడ్డి మళ్లీ మొలిచిందని మేము ఫొటోలు తీసి ఫైలులో పెట్టేది రెండు మూడు వేసవుల వరకే, పదో ఏట అక్కడికి వెళ్లి చూసినవాణ్ని నేను కాను. కరెంటు తీగల విషయం మరీ గట్టిది. పైపులైను వాళ్లం దాన్ని విద్యుత్ సంస్థ పనిగా చూసి మా నివేదికలో రెండు పేరాలతో సరిపెడతాము. పర్యావరణ నివేదికలో పైపు, తీగలు ఒకే ప్రాజెక్టుగా లెక్కపెడితే చాలా దారులు మొదట్లోనే పక్కకు పోతాయి.

ఒకటి మాత్రం నా అనుభవంతో చెప్పగలను. దారి సర్వే జరిగి, రైతులతో ఒప్పందాలు మొదలయ్యాక ఏ కంపెనీ కూడా సులభంగా పక్కకు జరగదు, అప్పటికే డబ్బు పడిపోతుంది. అభ్యంతరాలు రావలసింది దారి గీత ఇంకా పెన్సిలుతో ఉన్నప్పుడు. ఆ దశలో మాకు కావలసినది నినాదం కాదు, పటం. ఎన్నడూ దున్నని నేల ఎక్కడుంది, ప్రెయిరీ కోళ్లు ఏ దిబ్బ మీద ఆడతాయి, నీరు ఎక్కడ పైన ఉంది అని చూపే పటం ఉంటే, పాత పైపులైను పక్కన దున్నిన పొలాల వెంట గీత గీయడం మాకేమీ కష్టం కాదు. పొలంలో కందకం పూడిస్తే కొన్ని పంటల్లో కోలుకుంటుంది, ప్రెయిరీ కోలుకోదు.

నల్లరేగడి

వెల్డింగ్‌లైను గారూ, ఇంత నిజాయితీగా రాసినందుకు ధన్యవాదాలు. కానీ దున్నిన పొలం కూడా ఎవరిదో ఒకరిది. గీతను గడ్డి మీద నుంచి జరిపి చిన్న రైతు పొలంలో పెడితే, ఆ రైతు ఒప్పుకోకపోయినా బలవంతంగా తీసుకునే పరిస్థితి ఉండకూడదు.

వాయిదా

ఆ సమస్య అక్కడ తీవ్రంగానే వచ్చింది. ఒప్పుకోని రైతుల భూమి మీద హక్కు కోసం కంపెనీ కోర్టులకు వెళ్లింది. నీలీ పట్టణం దగ్గర, పైపులైను దారిలో ఉన్న ఒక పొలంలో పాంకా తెగవారు తమ పాత మొక్కజొన్న విత్తనాన్ని మళ్లీ నాటడం మొదలుపెట్టారు. 1877లో ఆ తెగను సైన్యం బలవంతంగా తరలించిన బాట ఆ పొలం మీదుగానే పోతుంది. 2018లో ఆ రైతు కుటుంబం కొంత నేలను పాంకాలకే రాసిచ్చింది. ఈ మధ్య, 2025 మార్చిలో, కార్బన్ డయాక్సైడ్ పైపులైన్ల కోసం భూమిని బలవంతంగా తీసుకోవడాన్ని దక్షిణ డకోటా చట్టం చేసి నిషేధించింది. దాని పునాదుల్లో కీస్టోన్ పోరాటంలో ఒకరికొకరు పరిచయమైన రైతుల అనుభవం ఉందని నా అభిప్రాయం.

గడ్డిపరక

నా ప్రశ్నకు ఇప్పుడు నాకొక జవాబు కుదిరింది. దారి మళ్లించడం అవసరం, కానీ అది ఒక గీతను మాత్రమే ఆపుతుంది. శాండ్‌హిల్స్ మీదుగానే 225 మైళ్ల పెద్ద కరెంటు లైను వేయాలన్న ప్రణాళిక కూడా ఉంది. పెంకుపురుగుకు హాని జరిగినా సరే అని దానికి ఇచ్చిన అనుమతిని 2020 జూన్‌లో ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. ఎర్ర దేవదారు చెట్లు గడ్డిని కమ్మేయడం ఇంకో పక్క జరుగుతూనే ఉంది. అందుకే వెల్డింగ్‌లైను గారు చెప్పిన పటం నన్ను పట్టుకుంది. ఏ ప్రాజెక్టూ లేనప్పుడు తయారు చేయవలసింది అదే.

ఈ పనికి నేను చేయగలిగినది ఒకటుంది. ప్రెయిరీ కోళ్లలో మగవి ఏటా వసంతంలో అదే దిబ్బకు వచ్చి, తెల్లవారుజామున మెడ పక్కన నారింజ సంచులు ఉబ్బించి, ఖాళీ సీసా నోట్లో ఊదినట్టు ధ్వని చేస్తూ ఆడతాయి. ఆడకోళ్లు చుట్టుపక్కలే గూళ్లు పెడతాయి. స్తంభాలు వస్తే గద్దలు వాలతాయని ఆ చోటును వదిలేస్తాయి. నేను మొదట చెప్పిన పెద్దాయన క్షేత్రంలో అలాంటి దిబ్బలు మూడున్నాయట, ఎవరూ లెక్కపెట్టి నమోదు చేయలేదట. ఏప్రిల్ రెండో శనివారం చీకటితోనే అక్కడికి వెళ్లి లెక్కపెట్టి, చోటు గుర్తించి, రాష్ట్ర వన్యప్రాణి శాఖకు పంపడానికి ఆయన ఒప్పుకున్నారు.

కొంగలదారి

నేను వస్తాను. దుర్భిణులు రెండున్నాయి, నా దగ్గర దాక్కుని చూసే గుడారం కూడా ఉంది. నాలుగున్నరకల్లా అక్కడ కూర్చోవాలి, ఆలస్యమైతే మనల్ని చూసి లేచిపోతాయి.

వెల్డింగ్‌లైను

కాల్గరీ నుంచి రావడం దూరమే కానీ, వీలు చేసుకుంటాను. సర్వేకు వాడే జీపీఎస్ పరికరం తెస్తాను, అడుగు తేడా లేకుండా చోటు నమోదవుతుంది.

గడ్డిపరక

తప్పకుండా రండి. వాలంటైన్‌లో ముందురోజు రాత్రి బసకు గది చూస్తాను. ట్రక్కులు మాత్రం దారి మీదే వదిలి, దిబ్బ దాకా నడిచి వెళ్దామని పెద్దాయన ముందే చెప్పారు.